అంగారకుడి మీద పురుడు ఎవరు పోస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆ మధ్య మీ ఆదివారం పేజీలో, అంగారక గ్రహం మీద ఊరు కట్టడానికి మేం సిద్ధమంటూ పేర్లిస్తున్న కుర్రకారు గురించి రాశారు. తిరిగి రాకపోయినా సరేనంటున్న వాళ్ళ ధైర్యాన్ని బాగా మెచ్చుకున్నారు. పండక్కి వచ్చిన మా మనవడు ఆ పేజీ కత్తిరించి మా ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. అంతటితో ఊరుకుంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. భోగి నాడు అరిసె తుంచుకుంటూ "అమ్మమ్మా, నేనూ పేరిచ్చాను" అన్నాడు. వాళ్ళమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

వాడికి 24 ఏళ్ళు. భీమవరంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు, హైదరాబాదులో ఉద్యోగం. జాతకంలో కుజదోషం ఉందని ఇప్పటికే రెండు సంబంధాలు వెనక్కెళ్ళాయి. ఇప్పుడు వీడు ఏకంగా కుజుడి దగ్గరికే కాపరానికి పోతానంటున్నాడు. ఇక ఆ పిల్లల తండ్రులకి ఏం చెప్పుకోవాలి?

నా పేరు మాత్రం వేయకండి. తెలిస్తే వచ్చే పండక్కి రావడం మానేస్తాడు. "ఆచంట దగ్గర ఒక అమ్మమ్మ" అని వేస్తే చాలు. నాకు 71 ఏళ్ళు, హైస్కూలు చదువు. గ్రహాల లెక్కలు చాలావరకు మావాడు ఫోన్లో చదివి వినిపించినవే, నేను పక్కన కాగితం మీద రాసుకున్నాను.

వద్దంటానని అనుకున్నాడు వాడు. నేనెలా అంటాను? తెలియని నేల మీద ఊరు కట్టడానికి పోయినదాన్నే నేనూను.

1972లో నా పెళ్ళి. అంతకు నాలుగేళ్ళ ముందే మా మామగారు ఇక్కడ ఎకరంన్నర మాగాణి అమ్మి సింధనూరు అవతల పన్నెండెకరాలు కొన్నారు. అప్పటికింకా ఆ రాష్ట్రాన్ని కర్ణాటక అనలేదు, మైసూరు రాష్ట్రమే. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ కింద రాయచూరు జిల్లా రేగడి భూములకి నీళ్ళు వచ్చాయి. నీళ్ళు పెట్టి వరి పండించడం తెలిసినవాళ్ళు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అక్కడికి బయల్దేరారు. వాళ్ళు దిగిన చోటునల్లా క్యాంపు అనేవారు. ఇళ్ళు కట్టారు, గుళ్ళు కట్టారు, రైస్ మిల్లులు పెట్టారు. ఇప్పటికీ వాటిని క్యాంపులనే అంటారు. యాభై, అరవై ఏళ్ళు దాటినా ఊరు అనే పేరు రాలేదు చూడండి.

పాలకొల్లులో రైలెక్కి నిడదవోలు, అక్కడినుంచి బెజవాడ, బెజవాడలో చిన్న గేజి బండి పట్టుకుని గుంతకల్లు మీదుగా బళ్ళారి, అక్కడ దిగి బస్సు, బస్సు దిగాక ఎడ్లబండి. మూడో రోజు పొద్దుటికి చేరాం. నా వెంట రెండు ఆవకాయ జాడీలు, ఒక మాగాయ జాడీ, గోనెడు కొబ్బరికాయలు, డాల్డా డబ్బాలో కరివేపాకు మొక్క, తడిగోనె చుట్టిన చక్కెరకేళి పిలకలు నాలుగు. పిలకలు మొదటి ఎండాకాలమే పోయాయి. కరివేపాకు మాత్రం బతికింది.

మా ఇల్లంటే మట్టిగోడల మీద జొన్నచొప్ప కప్పిన పాక. తాటాకు కోసం ఎక్కడికని పోతాం? వేసవిలో నేల పగిలి నెర్రెల్లో మోచేతి దాకా చెయ్యి దూరేది. వానపడితే అదే నేల కాలికి పట్టుకుని చెప్పు వదిలేది కాదు. అమ్మకి కార్డు రాస్తే అయిదారు రోజులకి అందేది. జవాబు వచ్చేసరికి నేనేం రాశానో నేనే మర్చిపోయేదాన్ని. అంచేత మార్స్ నుంచి మాట భూమికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుందని మావాడు అదేదో కష్టంలాగా చెబితే నాకు నవ్వొచ్చింది. ఆ కష్టానికి మనిషి అలవాటు పడతాడు.

మీ వ్యాసంలో ధైర్యం అనే మాట తొమ్మిదిసార్లు ఉంది. లెక్కపెట్టాను. క్యాంపులో మమ్మల్ని ధైర్యం నిలబెట్టిందని ఎవరైనా అంటే, వాళ్ళు అక్కడ ఉండలేదన్నమాట.

మా పాకలకి అర మైలు దూరంలో పాత ఊరు ఉండేది. వాళ్ళు తరతరాలుగా వానమీద జొన్న, పత్తి వేసుకుని బతికిన మనుషులు. కాలువ నీళ్ళు తాగి మా క్యాంపంతా విరేచనాలతో పడుకుంటే, తాగే నీళ్ళ బావి ఎక్కడుందో చూపించింది వాళ్ళు. రేగడి మీద గోడ కడితే పగిలిపోతుంది, మొరం తగిలేదాకా పునాది తవ్వమని చెప్పింది వాళ్ళు. బియ్యం అయిపోయిన రోజుల్లో జొన్నరొట్టె చేత్తో ఎలా తట్టాలో ఒకామె మా పొయ్యి దగ్గర కూర్చుని నేర్పింది. మొదట్లో నా రొట్టెలు మూకుడు మూతల్లా ఉండేవి.

వాళ్ళకి మేమేం చేశాం? చవగ్గా భూములు కొన్నాం. మేం ఇచ్చిన ధర చూసి, ఈ రేగడికి ఇంతిస్తున్నారేమిటని మొదట వాళ్ళే నవ్వుకున్నారట. నీళ్ళు పారాక నవ్వడం మా వంతయింది. అమ్ముకున్న పొలంలోనే కూలికి నాట్లు వేసినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. ఈ సంగతి మా క్యాంపుల చరిత్ర చెప్పుకునేటప్పుడు మావాళ్ళు ఎత్తరు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

పెద్దబిడ్డని 1974లో ఇక్కడ పుట్టింట్లోనే కన్నాను. అప్పట్లో క్యాంపు ఆడవాళ్ళందరికీ అదే ఆనవాయితీ. ఏడో నెల రాగానే రైలెక్కించేవాళ్ళు. మంచం మీద పడితే పుట్టిల్లు, పురుడొస్తే పుట్టిల్లు, పిల్ల చెవులు కుట్టాలన్నా పుట్టిల్లే. రెండోసారి 1976లో. టిక్కెట్టు కూడా తీశారు. శ్రావణమాసం, రెండు రోజులు ఎడతెరిపి లేని వాన. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. డాక్టరు కోసం మా ఆయన ఎడ్లబండి కట్టుకుని సింధనూరు వెళ్తుంటే సగం దారిలో ఇరుసు దాకా దిగబడిపోయింది. మా అత్తగారు తడుస్తూ పాత ఊళ్ళోకి పరిగెత్తి ఒక ముసలమ్మని తీసుకొచ్చింది. అక్కడ మంత్రసానిని సూలగిత్తి అంటారు. లాంతరు పట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఆ బురదలో నడిచొచ్చింది. నాకు కన్నడం నాలుగు మాటలు కూడా రాదు, ఆమెకి తెలుగు రాదు.

బిడ్డ కాళ్ళతో వచ్చింది. బయటికొచ్చాక ఏడవలేదు, నీలంగా ఉంది. ఆ అజ్జి (అక్కడ ముసలమ్మని అలాగే అంటారు) బిడ్డ నోట్లోకి ఊదుతూ, వీపు రాస్తూ "ఉసిరు తగో, ఉసిరు తగో" అంటోంది. నాకు మన తెలుగు ఉసురు గుర్తొచ్చి, ఎవరి ఉసురో తగిలిందంటోందని బెంబేలుపడిపోయాను. ఊపిరి తీసుకో అంటోందని తర్వాత తెలిసింది. ఎంతసేపటికో బిడ్డ కెవ్వుమంది.

ఆ బిడ్డే మా మనవడి తల్లి, భోగి నాడు చేతిలో గరిటె ఆగిపోయిందన్నానే, ఆవిడ. మా పన్నెండెకరాల్లో నాలుగెకరాలు ఒకప్పుడు ఆ అజ్జి వాళ్ళవే. ఆ రాత్రి రాను పొమ్మన్నా ఆమెని తప్పుపట్టేవాళ్ళు లేరు. వచ్చింది. చీర, రెండు సోలల బియ్యం తీసుకుని వెళ్ళింది.

ఈ కథంతా విని మావాడు ఏమన్నాడో తెలుసా? "అందుకే అమ్మమ్మా, మార్స్ మంచిది. అక్కడ ఎవరి భూమీ లాక్కోం, ఎవరి ఉసురూ తగలదు." తెలివైనవాడే. భూమి మాట కూడా నిజమే. 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఏ దేశమూ ఏ గ్రహాన్నీ నాదని చెప్పుకోడానికి లేదు, పాసు పుస్తకాల గొడవే ఉండదు. కానీ నాకు భయం వేసింది సరిగ్గా అక్కడే. అక్కడ ఎవరూ లేరు! బావి చూపించేవాళ్ళు లేరు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వచ్చేవాళ్ళు లేరు. మనిషి ఇంతవరకు వలసపోయిన చాలా చోట్ల తనకంటే ముందు ఎవరో ఒకరు అక్కడ బతకడం నేర్చుకునే ఉన్నారు. వాళ్ళని మంచి చేసుకునో, మోసం చేసో, పోయినవాళ్ళు బతికారు. మనిషి తనంతట బతకలేని చోట శాశ్వతంగా ఊరు కట్టిన అనుభవం అంటార్కిటికాలో కూడా మనకి లేదు. అక్కడున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళుండి ఓడెక్కి వచ్చేసేవాళ్ళే.

రెండోది పుట్టిల్లు. మార్స్‌కి రాకెట్టు బయల్దేరాలంటే భూమి, అంగారకుడు తగిన చోట్లకి రావాలి, అది 26 నెలలకి ఒకసారి. మన లెక్కలో ఒక గోదావరి పుష్కరానికీ ఇంకో పుష్కరానికీ మధ్య అయిదుసార్లు, మహా అయితే ఆరుసార్లు. ప్రయాణం ఇంచుమించు ఏడు నెలలు. అంటే ఏడో నెలలో బండెక్కినా పుట్టింటికి చేరేసరికి బిడ్డకి పళ్ళొస్తాయి. అదైనా బండి ఉంటేనే లెండి.

అసలు అక్కడ బిడ్డ కడుపులో సరిగ్గా ఎదుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. అంగారకుడి ఆకర్షణ మన భూమి మీద ఉన్నదాంట్లో 38 శాతమే. అంత తక్కువ బరువులో ఎముక గట్టిపడుతుందా, పుట్టిన బిడ్డ నిలబడి నడుస్తుందా, ఆ బిడ్డ ఎప్పుడైనా భూమికి వస్తే ఇక్కడి బరువు మోయగలదా? రోదసిలో ఇంతవరకు ఏ మనిషీ పుట్టలేదు. 1994లో కొలంబియా షటిల్‌లో జపాన్ వాళ్ళ మెడాకా అనే చిట్టి చేపలు జతకట్టి గుడ్లు పెడితే పిల్లలయ్యాయట. చేపల చెరువుల జిల్లా వాళ్ళం గదా, ఆ మాట విని సంతోషించాను. కానీ చేప నీళ్ళలో తేలుతుంది, దానికి బరువుతో ఏం పని?

ఇవేవీ మావాడు నింపిన ఫారంలో లేవు. ఆ ఫారం చూపించమన్నాను. ఒంటరిగా ఉండగలరా, రిస్కు తీసుకుంటారా, తిరిగి రాలేకపోయినా సమ్మతమేనా అని ఉంది. కుళాయి వాషరు మార్చగలవా అని లేదు. పెసలు ఎన్నాళ్ళకి కోతకొస్తాయో తెలుసా అని లేదు. పక్కింటివాడితో మాట పట్టింపు వచ్చినా అతనితో కలిసి నీళ్ళ మోటారు బాగుచేయగలవా అని అసలే లేదు. మా క్యాంపులో ఆ మూడోది రానివాళ్ళే ముందు సర్దుకుని వెళ్ళిపోయారు.

పేర్లు పోగెయ్యడం ఇప్పటి సంగతీ కాదు. 2012లో హాలండ్ దేశంలో మార్స్ వన్ అని ఒక సంస్థ తన సంగతి బయటపెట్టింది. వెళ్ళడమే గానీ రావడం లేని ప్రయాణానికి మనుషులు కావాలంది. రెండు లక్షల మందికి పైగా ముందుకొచ్చారని చెప్పుకుంది. 2015లో వంద మందిని ఏరింది కూడా. 2019లో దివాలా తీసింది. మనుషులు దొరికారు, రాకెట్టు దొరకలేదు. ఇప్పుడు మళ్ళీ ఇంకెవరెవరో పేర్లు రాసుకుంటున్నారు. మీరు రాసేటప్పుడు ఈ పాత సంగతి ఒక్క ముక్క కలిపి ఉంటే బావుండేది.

ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతోంది ముసలిది అనుకోకండి. మెచ్చుకోవలసిన వాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ గురించి రాయమంటున్నాను. 1991 సెప్టెంబరులో అమెరికాలో అరిజోనా ఎడారిలో బయోస్ఫియర్ 2 అనే పెద్ద గాజు మేడలోకి ఎనిమిది మంది వెళ్ళి తలుపులేసుకున్నారు. మూడెకరాల పైచిలుకు మేడ. దాంట్లో అడవి, చిన్న సముద్రం, సాగుకి అరెకరం పైన. రెండేళ్ళున్నారు. తిన్న తిండిలో నూటికి ఎనభై పాళ్ళ పైన ఆ కాస్త నేలలోనే పండించుకున్నారంటే వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. మా వైపు మూడెకరాల కౌలు రైతు కూడా నూనె, పప్పు, కూర కొట్లో కొనుక్కునేవాడే. అయినా వాళ్ళు బాగా చిక్కిపోయారు, ఎప్పుడూ ఆకలేనట. ఎనిమిది మంది నాలుగు, నాలుగుగా రెండు పార్టీలయ్యారు. ఎనిమిది మందిలో రెండు పార్టీలే అయ్యాయంటే మా పంచాయితీ కంటే నయం. వెళ్ళిన కొద్ది రోజులకే వడ్ల మరలో పడి ఒకామె వేలి కొస తెగింది. తలుపు తీసి ఆస్పత్రికి తీసుకెళ్ళి మళ్ళీ లోపలికి పంపారు.

ఆ తలుపు సంగతే నేను చెప్పేది. పదహారు నెలలకి లోపలి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14.5 శాతానికి పడిపోయింది. నిద్రలో ఊపిరాడక లేచి కూర్చునేవాళ్ళట. కారణం ఏమిటా అని వెతికితే మట్టి. పైరు బాగా రావాలని ఎరువు దండిగా ఉన్న మట్టి నింపారు, దాంట్లోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ని పీల్చేస్తున్నాయి. అవి వదిలిన బొగ్గుపులుసు గాలిని (కార్బన్ డయాక్సైడ్) చెట్లు తీసుకునే లోపే కొత్త కాంక్రీటు గోడలు లాగేసుకుంటున్నాయి. బయటినుంచి ఆక్సిజన్ ఎక్కించి వాళ్ళని గట్టెక్కించారు. అరిజోనాలో బయట గాలి ఉంది. అంగారకుడి గాలి మనదాంట్లో నూరో వంతు కూడా లేదు, ఉన్నదాంట్లో 95 పాళ్ళు బొగ్గుపులుసు గాలే.

దాంట్లోంచి ఆక్సిజన్ తీయడం కూడా చేసి చూశారు. 2021లో దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో మాక్సీ అని ఒక చిన్న యంత్రం ఉంది. 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు వచ్చింది. మనిషికి రోజుకి 840 గ్రాములు కావాలి కాబట్టి అది మూడున్నర గంటల ఊపిరి. నాకది తక్కువగా కనిపించలేదు. మూడున్నర గంటలు అంటే ఆ రాత్రి ఆ అజ్జి మా పాకలో ఉన్నంతసేపు. ఆ యంత్రాన్ని చేసినవాళ్ళ ఫొటో వేయండి మీ పేజీలో. హ్యూస్టన్‌లో నాసా వాళ్ళు 1,700 చదరపు అడుగుల ఉత్తుత్తి మార్స్ ఇల్లు కట్టి నలుగురిని 378 రోజులు ఉంచారు. 2024 జులైలో వాళ్ళు బయటికొచ్చారు. 2025 అక్టోబరులో ఇంకో నలుగురు లోపలికెళ్ళారు. వాళ్ళ ఫొటోలూ వేయండి. ఎక్కడికీ పోకుండా ఏడాది పైన ఒక ఇంట్లో నలుగురు సర్దుకుని ఉండటం చిన్న పని కాదని ఉమ్మడి కాపరం చేసిన ఏ కోడలైనా చెబుతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇది నాకు బాగా తెలిసిన విషయం, చౌడు.

1983 ప్రాంతంలో క్యాంపులో మా కింది చేను తెల్లబడటం మొదలైంది. కాలువ నీళ్ళు పెట్టగా పెట్టగా అడుగున ఊట పైకొచ్చి, దాంతోబాటు ఉప్పు కూడా లేచింది. పొద్దున్నే చూస్తే ముగ్గుపిండి చల్లినట్టుండేది. జిప్సం వేశాం. జీలుగ వేసి పూతకి రాగానే కలియదున్నాం. నీళ్ళు నిలబెట్టి ఉప్పు కడిగాం. కానీ కడిగిన నీళ్ళు ఎక్కడికి పోవాలి? ఇక్కడ డెల్టాలో సాగు కాలువ పక్కనే మురుగు కాలువ కూడా ఉంటుంది, పొలంలో ఉప్పు దాంట్లో పడి చివరికి సముద్రంలో కలుస్తుంది. అక్కడ మాకు మురుగు కాలువ తవ్వలేదు. ఈ చేలో కడిగిన ఉప్పు పక్క చేలో తేలింది, మళ్ళీ మా చేలోకే వచ్చింది. మూడెకరాలు పోయాయి, తర్వాత ఇంకో రెండు. 1994లో మిగిలింది అమ్మేసి ఇంటికొచ్చేశాం. మాకు రావడానికి ఇల్లుంది.

అంగారకుడి మట్టిలో కూడా ఒక రకం ఉప్పు ఉందట, పెర్క్లోరేట్ అంటారు. 2008లో ఫీనిక్స్ అనే నౌక దిగి కనిపెట్టింది, కిలో మట్టికి నాలుగు నుంచి ఆరు గ్రాముల దాకా. తిండిలోకి వస్తే థైరాయిడ్‌ని దెబ్బతీస్తుంది. నీళ్ళతో కడిగితే పోతుందన్నాడు మావాడు హుషారుగా, అక్కడ నేల కింద మంచు కూడా ఉందన్నాడు. కడిగిన నీళ్ళు ఎక్కడ పోస్తార్రా అన్నాను. మళ్ళీ శుద్ధి చేసి వాడతారన్నాడు. సరే, మరి ఉప్పు? దానికి వాడి దగ్గర జవాబు లేదు, ఫోన్లో వెతుక్కున్నాడు.

ఆ మాట మీదే కనుమ నాడు ఇద్దరం ఒక పని చేశాం. మా ఊరి చివర రొయ్యల చెరువు ఒకటి వదిలేసి ఉంది, ఉప్పు పట్టి గడ్డి కూడా మొలవదు. వాడు బైక్ మీద పోయి దాని మట్టి రెండు బస్తాలు తెచ్చాడు. మూడు కుండీలు పెట్టాం. ఒకదాంట్లో మట్టి ఉన్నదున్నట్టే. రెండోదాంట్లో నీళ్ళతో కడిగిన మట్టి, కుండీకి అడుగున చిల్లు లేదు. మూడోదాంట్లో కడిగిన మట్టి, చిల్లు ఉంది, కింద బకెట్టు. మన శుభాంశు శుక్లా 2025లో అంతరిక్ష కేంద్రంలో మెంతులు, పెసలు మొలకెత్తించాడు కదా, మేమూ పెసలే, కుండీకి ఇరవై. వాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు, నీళ్ళు పోయడం నా వంతు.

మొదటి కుండీలో ఒక్కటీ లేవలేదు. రెండోదాంట్లో నాలుగు లేచి, పైన తెల్లటి పొర కట్టగానే పడిపోయాయి. మూడోదాంట్లో పదకొండు ఉన్నాయి, ఈ ఉత్తరం రాసేనాటికి రెండో జత ఆకు వేశాయి. రోజూ రాత్రి ఫోన్ చేసి నా ఆరోగ్యం కంటే ముందు వాటి సంగతే అడుగుతాడు. మొదటి వారం చిల్లులోంచి దిగిన నీళ్ళు పెరటి వెనక మురుగు కాలువలో పారబోశానని చెబితే గట్టిగా కోప్పడ్డాడు. అక్కడ మురుగు కాలువ ఉండదు కదా అమ్మమ్మా, ఒక్క చుక్క కూడా బయట పోయొద్దు, అన్నీ దాచు అన్నాడు. దాస్తున్నాను. ఇప్పటికి రెండు బకెట్లు, ఒక పాత బిందె నిండి వరండాలో ఉన్నాయి. మా కోడలు వాటిని తప్పుకుని నడవలేక విసుక్కుంటోంది. నాలుగోది ఎక్కడ పెట్టాలో చెప్పమని నిన్న రాత్రి అడిగితే, ఆలోచించి రేపు ఫోన్ చేస్తానన్నాడు.

ఇట్లు,
ఆచంట దగ్గర ఒక అమ్మమ్మ,
పశ్చిమ గోదావరి జిల్లా